కెమెరా సంచిలో ఇస్త్రీ పెట్టె

నూలు బట్ట మీద నాలుగు నీటి చుక్కలు చిలకరించి వేడి ఇస్త్రీ పెట్టె ఆనించగానే సుయ్యిమని ఆవిరి లేస్తుంది చూశారూ, ఆ వాసన సిడ్నీ శివారు కెల్లీవిల్‌లోని మా ఇంట్లో ప్రతి ఆదివారం మధ్యాహ్నం వస్తుంది. వారానికి సరిపడా ఆఫీసు చొక్కాలు నేనే ఇస్త్రీ చేసుకుంటాను. పెట్టెలోనే నీళ్లు పోసుకునే సదుపాయం ఉన్నా చేత్తో చిలకరించడమే నాకు అలవాటు. మొన్న ఆదివారం చొక్కాల పని అయ్యాక, అరచేతిలో ఇమిడే ఇంకో చిన్న ఇస్త్రీ పెట్టెను తుడిచి కెమెరా సంచిలో లెన్సుల పక్కన సర్దుతుంటే మా అమ్మాయి కంట పడింది. దానికి తెలుగు బాగానే అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే వస్తుంది. "డాడ్, హూ పుట్స్ ఎన్ ఐరన్ ఇన్ ఎ కెమెరా బ్యాగ్?" అంది. కుసుమ ఆంటీ పెట్టేది అన్నాను. ఆవిడెవరో దానికి తెలియదు. మీకూ తెలియదు. తెలియకపోవడం నాకు బాధగా ఉంది కాబట్టి రాస్తున్నాను.

నేను ఆస్ట్రేలియాలో టూవూంబా యూనివర్సిటీకి చదువుకోవడానికి వచ్చిన కొత్తలో నాకు రెండే ఆస్తులు: ఒక సెకండ్ హ్యాండ్ కారు, ఒక కొత్త కెమెరా. కారు సగం రోజులు కదిలేది కాదు గానీ కెమెరా మాత్రం మెడలో వేలాడుతూనే ఉండేది. అక్కడి తెలుగువాళ్లు ఒక హాలు తీసుకుని ఉగాది చేసుకున్నారు. తలా ఒక వంటకం తెచ్చారు. భోజనాలయ్యాక గ్రూపు ఫోటో తీసే పని నాకు అప్పగించారు. అందరినీ వరసగా నిలబెట్టి, పొడుగువాళ్లను వెనక్కి తోసి, పిల్లల్ని ముందు కూర్చోబెట్టేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. తీరా బటన్ నొక్కబోతుంటే ముందు వరసలో ఉన్న ఒక పెద్దావిడ చెయ్యి ఎత్తి ఆగమంది. పొద్దుటి నుంచి వంటగదిలో గారెలు వేస్తున్న ఒకావిడ నూనె మరకల చీరతో ఉందనీ, మార్చుకోవడానికి వెళ్లిందనీ, ఆమె వచ్చేదాకా ఫోటో లేదనీ తేల్చి చెప్పింది. పిల్లలు చెల్లాచెదురయ్యారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మరకలు ఫోటోలో కనపడవు ఆంటీ అన్నాను. "ఆవిడకి కనపడతాయి కదయ్యా," అందావిడ.

ఆ పెద్దావిడే కుసుమ ఆంటీ. సొంతూరు తణుకు. టూవూంబా ఆసుపత్రిలో చాలా ఏళ్లు నర్సుగా చేసి రిటైరైంది. ఉద్యోగంలో ఉండగా ఒకసారి వైద్య శిబిరంతో నైరోబీ వెళ్లి, అక్కడి పేదల పేటలు చూసి, తిరిగొచ్చాక ఊరికే కూర్చోలేక వీడియో కెమెరా కొని నేర్చుకుందట. తర్వాత ఏటా వెళ్లేది. ఆ పేటల్లో జనం చేసుకుంటున్న పనుల మీద, వాళ్లకు ఇంకా కావలసిన వాటి మీద చిన్న చిన్న డాక్యుమెంటరీలు తీసి, సాయం చేయగలిగిన సంస్థలకు చూపించేది. ఆ రోజు హాల్లో నేను తీసిన ఫోటోలన్నీ ఓపికగా చూసి, "కుదురు లేదు గానీ కన్ను ఉంది నీకు. శనివారం మా గ్యారేజీకి రా," అంది. గ్యారేజీ అంటే కారు బాగుచేయించుకోవచ్చు కాబోలనుకుని వెళ్లాను. చూస్తే అది ఎడిటింగ్ గది. మూర్తి అంకుల్ తన కారును ఎండకు వదిలేసి ఆ గది మొత్తం భార్యకు రాసిచ్చేశాడు. ఆయన పని కాఫీ అందించడం, ఆవిడ చెప్పిన చోటికి డ్రైవ్ చేయడం, వచ్చినవాళ్లతో క్రికెట్ మాట్లాడటం. ఆ మూడూ ఎంతో ఇష్టంగా చేసేవాడు.

ఆ శనివారం మొదలు నేను ఆవిడ మనిషినైపోయాను. మొదటి రోజే నోరు జారి ఆఫ్రికా మురికివాడలు అన్నాను. మురికి నీ కంటికి కనపడేది, పేట అను, మనుషులుండేది పేటలో అంది. ఇంకోసారి అలా అనలేదు. ఏ మాట అన్నా మెత్తగానే అనేది, కానీ వెనక్కి తీసుకునేది కాదు. నేనేమో ప్రతిదానికీ వాదించే రకం. మా ఇద్దరి గొడవ విని అంకుల్ గ్యారేజీ తలుపు చాటు నుంచి కాఫీ కప్పులు లోపలికి తోసి వెళ్లిపోయేవాడు.

యూనివర్సిటీకి సెలవులిచ్చినప్పుడు ఆవిడతో నైరోబీ వెళ్లాను. మేము వెళ్లిన పేటలో రేకుల ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. కుళాయి లేదు. ఆడవాళ్లు దూరంగా ఉన్న చోటు నుంచి నీళ్లు కొని, పసుపుపచ్చ డబ్బాలలో మోసుకురావాలి. పేట మొదట్లో ఆ ఆడవాళ్లే నేల చదును చేసి, రాళ్లు పేర్చి సిమెంటు గట్టు కట్టుకున్నారు. కుళాయిలు ఎక్కడెక్కడ బిగించాలో అనుకున్నారు, నీళ్లు పోయే కాలువ కూడా తవ్వి ఉంచారు. రావలసింది నీళ్లే. ఆ ఉత్త గట్టు చూస్తే పెళ్లికి పందిరి వేసి కూర్చుంటే పెళ్లికొడుకు రానట్టుంది. రోడ్డు పక్కన పోయే పెద్ద గొట్టం నుంచి పేటలోకి లైను వేయించే స్తోమత ఉన్నది ఆస్ట్రేలియాలోని ఒక సేవా సంస్థకు. ఆ ఏడాది సాయం ఎవరికివ్వాలో ఆ సంస్థ బోర్డు టూవూంబాలో కూర్చుని తేలుస్తుంది. ఈ పేట గురించి వాళ్లు చూడబోయేది మా సినిమా ఒక్కటే. మేము తీసింది వాళ్లకు నచ్చితే నీళ్లొస్తాయి, నచ్చకపోతే ఆ గట్టు అలా ఎండుతూనే ఉంటుంది. అందుకోసమే వెళ్లాం.

పేటలో ఆడవాళ్ల సంఘానికి పెద్ద గ్రేస్. మంచి ఇంగ్లీషు మాట్లాడేది. కుసుమ ఆంటీని "మామా కుసుమ" అని పిలిచేది. అక్కడ మామా అంటే అమ్మ. మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వాగలేదు. మేము దిగిన రోజు పొద్దున్నే ఆంటీ కెమెరా సరిచూసుకుంటూ, మోకాళ్ల దాకా బురదలో, చిరుగుల గౌనులో నీళ్ల డబ్బా మోసుకొస్తున్న గ్రేస్‌ను కొంచెం తీసింది. అద్భుతమైన షాటు. నేను పక్కనుంచి చూసి ఎగిరి గంతేశాను. గ్రేస్ దగ్గరికొచ్చి తెర మీద తనను తాను చూసుకుని మొహం మార్చుకుంది. అది తీసేయమంది. ఆంటీ ఒక్క మాట కూడా అడక్కుండా ఆమె కళ్ల ముందే చెరిపేసింది. ఆ తర్వాత గ్రేస్ అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "నీళ్లకు ఎలా వెళ్తామో మొత్తం చూపిస్తాం, ఏదీ దాచం. కానీ దీన్ని చూసేవాళ్లు మా ఇంటికొచ్చిన అతిథులు. అతిథుల ముందుకు మేం ఇలాగే వస్తామా? ఉండండి, బట్టలు మార్చుకుని వస్తాం."

అంతే, పేటంతా పండగ హడావిడి మొదలైంది. బొగ్గుల ఇస్త్రీ పెట్టె ఒకటే ఉంది, అది ఇంటింటికీ తిరుగుతోంది. చర్చికి వేసుకునే గౌన్లు పెట్టెల్లోంచి బయటికొచ్చాయి, తలగుడ్డలు బయటికొచ్చాయి. అంతంత దూరం నుంచి మోసుకొచ్చిన నీళ్లలోంచే గుక్కెడు తీసి బట్టల మీద చిలకరిస్తున్నారు. ఆ ఆవిరి వాసన, బొగ్గు వాసన కలిసి సందంతా నిండిపోయింది. నేను ఒకటే గోల. వెలుతురు పోతోంది ఆంటీ, ఇలాగైతే ఇవాళ ఒక్క ముక్క కూడా రాదు అని చుట్టూ తిరుగుతున్నాను. ఆవిడ ఒక ఎత్తుపీట మీద కూర్చుని ఒకమ్మాయి గౌను మడతలు సరిచేస్తూ, "పోనీ. రేపు మళ్లీ వస్తుంది. అదెక్కడికి పోతుంది," అంది. ఆ పూట పోయింది. మర్నాడు మాత్రం వాళ్లు ఎంత బాగా మాట్లాడారో చెప్పలేను. డబ్బా బరువు గురించి, దాని వల్ల బడి మానేసిన ఆడపిల్లల గురించి, గట్టు మీద ఎవరి వంతు ఎప్పుడన్న దాని గురించి. ఎర్రపూల గౌనులో, తెల్లటి కాలరుతో, డబ్బా నెత్తిన పెట్టుకుని గ్రేస్ నిటారుగా నడిచొస్తుంటే కెమెరాయే ఆమెకు దారి ఇచ్చినట్టుంది.

టూవూంబా తిరిగొచ్చి సినిమా కూర్చాం. సంస్థలో ప్రచార పనులు చూసే గ్రెగ్ అనే ఆయన గ్యారేజీకి వచ్చి చూశాడు. చెడ్డవాడు కాదు, ఆ గట్టు మీద నీళ్లు రావాలని అతనికీ ఉంది. కానీ చూస్తున్నంతసేపూ ఇబ్బందిగా కదిలాడు. అయ్యాక, వీళ్లు ఎవరిదో పెళ్లికి వెళ్తున్నట్టున్నారు, బోర్డు వాళ్లు నమ్మరు, బురద, చిరుగులు, ఏడుస్తున్న పిల్లలు లేరా అని అడిగాడు. ఒకటి ఉండేది, చెరిపేశాను అంది ఆంటీ. మళ్లీ తీయడానికి టైం లేదని అతను తల పట్టుకుని వెళ్లిపోయాడు. అతనటు వెళ్లగానే నేను అందుకున్నాను. ఒప్పుకుంటారో లేదో గానీ నా వాదన గట్టిదే. మీ మర్యాద కోసం వాళ్ల నీళ్లు పోగొడతారా అన్నాను. అవసరం తీరాక ఎన్ని మంచి బట్టలైనా కట్టుకోవచ్చు కదా అన్నాను. ఆ ఒక్క షాటు ఉండి ఉంటే గెలిచేవాళ్లం అన్నాను. నా గొంతు పెద్దదైంది. అంకుల్ కాఫీ కప్పులతో తలుపు దగ్గరే ఆగిపోయాడు.

ఆవిడ కోప్పడలేదు. కుర్చీ నా వైపు తిప్పుకుని చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పింది. ఆవిడ చిన్నపిల్లగా ఉన్నప్పుడు తుఫాను వచ్చి ఇల్లు మునిగిందట. నడుం లోతు నీళ్లలో వాళ్లమ్మ పిల్లల్ని అరుగెక్కించి, తడిసి ఒంటికి అంటుకుపోయిన పాత చీరతో నిలబడి ఉంటే పేపరు ఫోటోగ్రాఫరు పడవలో వచ్చాడట. ఉండండి బాబూ, చీర మార్చుకుని వస్తాను అందట వాళ్లమ్మ. పైన అటక మీద ఒక పొడి చీర ఉందట. అక్కర్లేదమ్మా, ఇలాగే బాగుంది అని అతను ఫోటో తీసేశాడట. అది పేపర్లో పడింది, జనం చూశారు, బియ్యం వచ్చాయి, దుప్పట్లు వచ్చాయి.

"అన్నీ వచ్చాయి శీనూ. నువ్వన్నది నిజమే, ఆ ఫోటో పనిచేసింది. కానీ మా అమ్మ మళ్లీ జన్మలో ఫోటో ముందు నిలబడలేదు. నా పెళ్లి ఆల్బమ్ మొత్తం చూడు, ఎక్కడా మా అమ్మ ఉండదు."

ఆవిడ మళ్లీ తెర వైపు తిరిగి, గ్రేస్ నడిచొచ్చే చోట కట్ ఒక క్షణం తొందరగా పడిందనీ, ఇంకొంచెం సేపు ఆమెను నడవనివ్వమనీ చెప్పింది. నడవనిచ్చాను.

బోర్డు సమావేశం ఊళ్లోనే ఒక చిన్న హాల్లో పెట్టారు. టీ, లామింగ్టన్ కేకులు, ప్లాస్టిక్ కుర్చీలు. ఆంటీ గంజి పెట్టిన వెంకటగిరి చీర కట్టుకుంది. నా చొక్కా ముడతలు చూసి కారు దగ్గరికి తీసుకెళ్లి, కెమెరా సంచిలోంచి చిన్న ఇస్త్రీ పెట్టె తీసి, హాలు వంటగదిలో ప్లగ్ పెట్టి నా చేత చొక్కా విప్పించి మరీ ఇస్త్రీ చేసింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ పేట నుంచి తిరిగొచ్చాకే ఆ పెట్టె కొనుక్కుందట. ఇక మీదట ఎక్కడ ఎవరిని తీసినా వాళ్లని ఇస్త్రీ కోసం వెతుక్కోనివ్వకూడదని ఆవిడ పట్టుదల.

సినిమా అయింది. లైట్లు వేశారు. బోర్డులో ఒక పెద్దమనిషి గొంతు సవరించుకుని, చాలా బాగా తీశారు గానీ చూడబోతే వీళ్లు ఉన్నంతలో బాగానే ఉన్నట్టున్నారు, నిజంగా అవసరం ఉందంటారా అన్నాడు. గ్రెగ్ నా వైపు చూశాడు. నేను ఆంటీ వైపు చూశాను. అయిపోయింది అనుకున్నాను. ఆ ఉత్త గట్టు కళ్ల ముందు కదిలింది, కళ్లలో నీళ్లు తిరిగాయి, చెప్పడానికి సిగ్గేం లేదు. ఆంటీ లేవబోతుంటే వెనక వరసలోంచి మార్గరెట్ అనే ఒక ముసలావిడ తనే లేచింది. బోర్డులో ఆవిడ మాట్లాడటం అరుదని తర్వాత తెలిసింది. వాళ్లది పడమటి వైపు పొలం, పశువులు. ఆవిడ చెప్పింది ఇది.

"కరువు ఏళ్లలో టీవీ వాళ్లు మా పొలానికి వచ్చారు. చచ్చిపోయిన ఆవు పక్కన నిలబడమని మా ఆయన్ని అడిగారు. ఆయన ఇంట్లోకి వెళ్లి, గడ్డం గీసుకుని, చర్చికి వేసుకునే చొక్కా తొడుక్కుని వచ్చి నిలబడ్డాడు. వాళ్లకు అది నచ్చలేదు, టీవీలో వేయలేదు. అప్పుడు మా ట్యాంకులో చుక్క నీళ్లు లేవు. చొక్కా మాత్రం శుభ్రంగా ఉంది. వీళ్లను చూస్తుంటే నాకు ఆయనే కనపడ్డాడు. అవసరం లేనివాళ్లు ఎవరి ముందైనా ఇంత శ్రద్ధగా ముస్తాబై నిలబడతారా?"

చెప్పి కూర్చుంది. హాలులో ఉన్నవాళ్లలో చాలామంది ఆ కరువు చూసినవాళ్లే, స్నానం నీళ్లు బకెట్లలో పట్టి మొక్కలకు పోసినవాళ్లే. అడిగిన పెద్దమనిషి తల దించుకుని, నా ప్రశ్న వెనక్కి తీసుకుంటున్నాను అన్నాడు. చేతులెత్తమంటే అందరి చేతులూ లేచాయి. గ్రెగ్ చెయ్యి ఎత్తాల్సిన పని లేకపోయినా అతనూ ఎత్తాడు. కుసుమ ఆంటీ మాత్రం మార్గరెట్ దగ్గరికి వెళ్లి ఆవిడ చేతులు పట్టుకుని నిలబడిపోయింది. బయట కారులో కూర్చున్న మూర్తి అంకుల్‌కు నేను పరిగెత్తుకెళ్లి చెప్పాను. ఆస్ట్రేలియా వచ్చాక హారన్ అనేది ఒకటుందని కూడా మరిచిపోయిన మనిషి, ఇంటికెళ్లే దారి పొడుగునా హారన్ కొడుతూనే ఉన్నాడు. పక్క కార్ల వాళ్లు ఎవరిదో పెళ్లనుకుని చేతులూపారు. ఆంటీ వద్దండీ, ఏంటండీ ఇది అంటూనే ఆపకుండా నవ్వుతోంది. ఆవిడ నవ్వు తలుచుకుంటే నాకు ముందు ఆ సాయంత్రమే గుర్తొస్తుంది.

పేటలోకి లైను పడింది. గట్టు మీద కుళాయిలు తిప్పిన రోజు ఆంటీ అక్కడే ఉంది, తనే తీసింది. మన సినిమా ఇలా ముగిసింది అని నాకు ఫోన్లో ఆ నీళ్ల చప్పుడు వినిపించింది. తర్వాత కొన్నేళ్లకు ఆవిడ వెళ్లిపోయింది. చివరి వరకూ నడుస్తూనే ఉంది, పని చేస్తూనే ఉంది. ఆవిడ పోయాక అంకుల్ ఆ చిన్న ఇస్త్రీ పెట్టె నా చేతిలో పెట్టాడు. కెమెరాలు ఎవరికైనా ఇస్తాను గానీ ఇది నీదేరా అన్నాడు. నేను ఉద్యోగం వల్ల సిడ్నీ వచ్చేశాను, కానీ శని, ఆదివారాల్లో, సెలవుల్లో ఆవిడ వదిలిన పనే చేస్తున్నాను. ఎవరిని తీయబోయినా ముందు అడిగేది ఒకటే, మీరు ఎలా కనపడాలనుకుంటున్నారు అని.

పోయిన సెలవుల్లో మళ్లీ ఆ పేటకు వెళ్లాను. గ్రేస్ జుట్టు నెరిసింది, నడక మాత్రం అదే. ఆ ఆడవాళ్లు ఇప్పుడు ఎవరి కోసమూ ఎదురుచూడటం లేదు. సొంతంగా కెమెరాలు పెట్టుకుని, చుట్టుపక్కల పేటల వాళ్ల దగ్గరికి వెళ్లి సినిమాలు తీసి, నగర అధికారులను పిలిపించి కూర్చోబెట్టి చూపిస్తున్నారు. వాళ్ల సినిమాల వల్ల ఒక పేటకు దీపాలొచ్చాయి, ఇంకో పేటకు బడి గదులు వచ్చాయి. మామా కుసుమ మీద కూడా ఒకటి తీస్తున్నామని, నువ్వు మాట్లాడాలని నన్ను ఆ గట్టు మీద కూర్చోబెట్టారు. నా చుట్టూ నీళ్ల చప్పుడు. విమానంలో నలిగిపోయిన కుర్తాతోనే గొంతు సవరించుకుని మొదలుపెట్టబోయాను.

కెమెరా వెనకనున్న గ్రేస్ చెయ్యి ఎత్తి ఆగమంది. నన్ను కిందికీ పైకీ చూసింది. ఫర్వాలేదు, వెలుతురు పోతోంది అన్నాను నేను. పోనీ, రేపు మళ్లీ వస్తుంది అంది.

నా కుర్తా విప్పించి బల్ల మీద పరిచింది. నా సంచిలో ఆంటీ పెట్టె ఉంది గానీ గట్టు దగ్గర కరెంటు లేదు, వాళ్ల బొగ్గుల పెట్టే వచ్చింది. గ్రేస్ కుళాయి తిప్పి దోసిట్లో నీళ్లు పట్టి, నా బట్ట మీద ధారాళంగా చిలకరించింది. పెట్టె ఆనించగానే సుయ్యిమంది. ఆ వాసన లేచింది. బనీనుతో అలా నిలబడి, నేను చిన్నపిల్లాడిలా ఏడ్చాను, ఏడుస్తూనే నవ్వాను. ఇస్త్రీ అయిన కుర్తా వేడివేడిగా నా భుజాల మీద వేసి, కాలరు సరిచేసి, "ఇప్పుడు చెప్పు," అంది గ్రేస్.